మొక్కలు పంపే వాసన కబుర్లు

శనివారం పొద్దున్న మన వీధిలో ఎవరో ఒకరు లాన్ కోస్తారు. ఆ యంత్రం మోత నిద్ర చెడగొట్టినా, కోసిన గడ్డి వాసన మాత్రం చాలామందికి ఇష్టం. ఊళ్ళో పచ్చగడ్డి మోపు దించినప్పుడు గుప్పున వచ్చే వాసన కూడా అదే. మనకి ఇంత హాయిగా అనిపించే ఈ వాసన నిజానికి గడ్డికి తగిలిన గాయంలోంచి పుడుతుంది. ఆకు తెగిన కొన్ని సెకండ్లలోనే కొన్ని రసాయనాలు ఆవిరై గాలిలో కలుస్తాయి. తెగడానికి కారణం యంత్రం కత్తి అయినా, గొంగళిపురుగు కోర అయినా ఈ మొదటి వాసన వస్తుంది. దాన్ని పసిగట్టడానికి పొలంలో బోలెడుమంది కాచుకుని ఉంటారు. వాళ్ళలో పైరుకి శత్రువులూ ఉన్నారు, మిత్రులూ ఉన్నారు.

గత నలభై ఏళ్ళుగా శాస్త్రవేత్తలు ఈ వాసనల భాషని కొంచెం కొంచెంగా చదవడం నేర్చుకుంటున్నారు. వాళ్ళు చదివినదాంట్లో మన పత్తి రైతుకీ, వరి రైతుకీ, మన పెరట్లో నాలుగు టొమేటో మొక్కలకీ పనికొచ్చే సంగతులు ఉన్నాయి. అవేమిటో నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

రెండు రకాల వాసనలు

ముందు కాస్త రసాయనశాస్త్రం. భయపడకండి, ఎక్కువ లేదు. ఆకులోని జీవకణాల పొరల్లో కొవ్వు పదార్థాలు ఉంటాయి. వాటిలో లినోలెనిక్ ఆమ్లం ఒకటి. దీని వెన్నెముకలో 18 కర్బనపు అణువులు ఉంటాయి. ఆకు నలిగినప్పుడు అక్కడే ఉన్న ఎంజైములు ఈ పొడుగాటి గొలుసుని తెగ్గొడతాయి. అప్పుడు ఆరేసి కర్బనపు అణువులున్న చిన్న ముక్కలు వస్తాయి. ఇవి తేలిక కనుక ఇట్టే ఆవిరి అవుతాయి. ఇదే పచ్చి వాసన.

రెండో రకం వాసన రావడానికి గంటలు పడుతుంది. అదే లినోలెనిక్ ఆమ్లం నుంచి మొక్క జాస్మోనిక్ ఆమ్లం అనే మరొక పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. ఈ పేరు వెనక మనకి పరిచయమున్న పువ్వు ఉంది. దీని దగ్గర చుట్టమైన మిథైల్ జాస్మోనేట్‌ని 1962లో జాజిపూల నూనెలోంచి వేరు చేశారు. మొక్క ఒంట్లో జాస్మోనిక్ ఆమ్లం చేసే పని ఊళ్ళో దండోరా వేసేవాడి పనిలాంటిది: "దాడి జరిగింది, అందరూ సిద్ధం కండి" అని చాటడం. ఈ దండోరా విన్న ఆకులు టెర్పీనులు అనే జాతి రసాయనాలు తయారు చేసి బయటికి వదులుతాయి. లవంగం, మిరియం, నిమ్మ తొక్క, కరివేపాకు వాసనల్లో ఉండేవి ఈ జాతి రసాయనాలే.

మొదటిది గాయం వాసన. రెండోది ఆలోచించుకుని ఇచ్చిన సమాధానం లాంటిది. అసలు కథంతా ఈ రెండోదానిలో ఉంది.

నల్లి, చిక్కుడు, మరో నల్లి

1980లలో నెదర్లాండ్స్‌లో మౌరిస్ సాబెలిస్, మార్సెల్ డికె అనే శాస్త్రవేత్తలు లైమా చిక్కుడు మొక్కల మీద పనిచేశారు. ఈ మొక్కల రసం పీల్చే ఒక నల్లి ఉంది, మన కూరగాయల తోటల్లో ఎర్రనల్లి అంటామే, ఆ కోవలోది. దాన్ని పట్టుకు తినే మరో నల్లి కూడా ఉంది. ఈ వేటనల్లికి కళ్ళు లేవు. మరి ఇంత పెద్ద ఆకుల అడవిలో ఆహారం ఎక్కడుందో దానికి ఎలా తెలుస్తుంది? ఒక గొట్టంలోంచి ఆరోగ్యంగా ఉన్న మొక్క వాసన, ఇంకో గొట్టంలోంచి నల్లి పట్టిన మొక్క వాసన పంపిస్తే, వేటనల్లులు రెండోదానివైపు నడిచాయి. అవి వెంబడించినది మొక్క విడుదల చేసే వాసననేనని తేలింది.

1990లో అమెరికాలో దీనికి జోడీగా ఇంకో ప్రయోగం వచ్చింది. టెడ్ టర్లింగ్స్, జేమ్స్ టమ్లిన్‌సన్, జో లూయిస్ మొక్కజొన్న మొలకల మీద లద్దె పురుగుల్ని వదిలారు. కొన్ని గంటల్లో మొలకలు టెర్పీనులు వదలడం మొదలుపెట్టాయి. ఆ వాసనకి చీమ కంటే చిన్నదైన ఒక జాతి కందిరీగ వచ్చింది. ఈ కందిరీగ మనల్ని కుట్టదు. లద్దె పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగుని లోపలినుంచి తినేస్తుంది.

మరి ఆకుని బ్లేడుతో గీస్తే? పచ్చి వాసన వచ్చింది కాని, ఆ టెర్పీనుల వాసన అంతగా రాలేదు. అదే గీత మీద లద్దె పురుగు నోటి రసం పూస్తే మాత్రం వచ్చింది. అంటే మొక్క తనని గాయపరిచినది ఎవరో రుచి చూసి పోల్చుకుంటోందన్న మాట! 1997లో ఆ నోటి రసంలో ఉన్న కీలకమైన పదార్థాన్ని పట్టుకుని, దానికి వోలిసిటిన్ అని పేరు పెట్టారు. ఇందులో సగభాగం పురుగు తిన్న ఆకులోంచి వచ్చినదే. పురుగు తన వంతుగా గ్లుటమిన్‌ని కలుపుతుంది. దొంగ తన వేలిముద్ర తనే వదిలి వెళ్ళినట్టు.

అమెరికాలో టొమేటో పెంచేవాళ్ళకి తెలిసిన హార్న్‌వార్మ్ అనే బలిష్ఠమైన ఆకుపచ్చ పురుగు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. యూటా రాష్ట్రపు ఎడారిలో పెరిగే అడవి పొగాకు మీద పరిశోధన చేసిన ఇయన్ బాల్డ్విన్ బృందం 2010లో ఒక సంగతి బయటపెట్టింది. ఈ పురుగు ఉమ్మి తగలగానే మొక్క వదిలే పచ్చి వాసనలోని అణువుల ఆకారం మారిపోతుంది. మారిన ఆ వాసన పట్టుకుని పెద్దకళ్ళ నల్లి లాంటి ఒక వేటపురుగు వచ్చి, హార్న్‌వార్మ్ గుడ్లనీ పిల్లలనీ తినేస్తుంది. తిండి తింటే ప్రాణం మీదికి రావడమంటే ఇదే.

ఎవరికి ఏ కబురు?

ఇక్కడ ఒక అనుమానం రావాలి. పురుగులు వందల రకాలు. ఒక్కో కందిరీగ ఒకటో రెండో రకాల పురుగుల మీదే బతుకుతుంది. మరి "నన్నెవరో తింటున్నారు" అన్న మాట ఒక్కటే అయితే, సరైన కందిరీగ ఎలా వస్తుంది?

1998లో కొన్సుయెలో డి మొరాయెస్, ఆమె సహచరులు దీనికి సమాధానం చూపించారు. పొగాకు, పత్తి మొక్కల మీద చూడ్డానికి ఒకేలా ఉండే రెండు పురుగుల్ని విడివిడిగా వదిలారు. రెండూ మన శనగపచ్చ పురుగుకి దాయాదులే. మొక్క వదిలిన రసాయనాలు దాదాపు ఒకటే కాని, పాళ్ళు తేడాగా ఉన్నాయి. ఆ రెండు పురుగుల్లో ఒకదాని మీద మాత్రమే బతికే కందిరీగ ఆ తేడాని గాలిలోనే కనిపెట్టి, తనకి కావలసిన పురుగున్న మొక్క మీదే వాలింది. అవే దినుసులైనా పాళ్ళు మారితే సాంబారూ రసమూ వేరయినట్టే ఇదీను.

2001లో అదే శాస్త్రవేత్త ఇంకో విషయం చెప్పారు. పురుగు పట్టిన పొగాకు మొక్క పగలు ఒక వాసన, రాత్రి ఇంకో వాసన వదులుతుంది. కందిరీగలు తిరిగేది పగలు. గుడ్లు పెట్టే తల్లి పురుగు, అంటే రెక్కల పురుగు, తిరిగేది రాత్రి. రాత్రి వాసన తగిలితే ఆ తల్లి పురుగు "ఇక్కడ ఇప్పటికే జనం ఉన్నారు" అన్నట్టు పక్కకి తప్పుకుంటుంది.

ఇదంతా ప్రయోగశాలలో సరే, బయట పనిచేస్తుందా? 2001లోనే ఆండ్రే కెస్లర్, బాల్డ్విన్ యూటా ఎడారిలోని అడవి పొగాకు మీద ఈ ప్రశ్నే వేశారు. ఇలాంటి వాసనల వల్ల మొక్క మీది పురుగుల సంఖ్య 90 శాతానికి పైగా తగ్గగలదని లెక్క తేల్చారు.

ఇది పిలుపా, పుకారా?

పత్రికలవాళ్ళు దీన్ని "మొక్కల ఆర్తనాదం" అని రాస్తారు. అందంగానే ఉంది కాని, కొంచెం జాగ్రత్తగా ఉండాలి. గాలిలోకి వెళ్ళిన మాట ఎవరి సొత్తూ కాదు. ఎవరు వింటే వాళ్ళది.

ఉదాహరణకి బంగారు తీగ. ఆకుల్లేని, పసుపుపచ్చ దారాల్లాంటి ఈ కలుపు మన పంటల్నీ చుట్టేస్తుంది. దీనికి సొంత వంట లేదు. మొలకెత్తిన కొద్ది రోజుల్లో ఎవరినో ఒకరిని పట్టుకోకపోతే చచ్చిపోతుంది. 2006లో అమెరికాలో చేసిన ప్రయోగంలో, ఈ మొలక టొమేటో వాసన ఎటునుంచి వస్తే అటు వంగి పెరిగింది. గోధుమ వాసనలోని ఒక రసాయనం మాత్రం దానికి గిట్టలేదు. కన్నూ ముక్కూ లేని మొక్క వాసన పట్టి వేటాడుతుందంటే, ఇక పురుగుల సంగతి చెప్పాలా?

మన వరి సంగతే చూడండి. సుడిదోమ పేరు వింటే గోదావరి జిల్లాల రైతుకి గుండె ఝల్లుమంటుంది. 2012లో చైనాలో చేసిన పొలం ప్రయోగం ఒకటి ఉంది. వరిలో లినలూల్ అనే వాసన ఎక్కువగా వచ్చేది పురుగు పట్టిన తరువాత. ఈ వాసన మిత్ర పురుగుల్ని పిలుస్తుంది, సుడిదోమని పొమ్మంటుంది. లినలూల్ తయారవకుండా చేసిన వరి మీద సుడిదోమ పెరిగింది. కాని, వరి ఎప్పుడూ వదులుతూ ఉండే కారియోఫిలీన్ అనే ఇంకో వాసన మిత్రులతో పాటు సుడిదోమని కూడా పిలుస్తుంది! కనుక "వాసన ఎక్కువైతే మంచిది" అన్న సూత్రం ఏదీ లేదు. ఏ వాసన, ఎప్పుడు, ఎవరికి అన్నదే ముఖ్యం.

పోగొట్టుకున్న మాట

పై పేరాలో చెప్పిన కారియోఫిలీన్ లవంగాలలోనూ మిరియాలలోనూ ఉంటుంది. అదే పదార్థం మొక్కజొన్న వేళ్ళ దగ్గర ఇంకో పాత్ర వేస్తుంది. అమెరికా మొక్కజొన్న రైతులకి వేరు తినే పురుగు ఒకటి ఉంది. నష్టమూ ఖర్చూ చూసి దాన్ని వంద కోట్ల డాలర్ల పురుగని పిలుస్తారు. 2005లో సెర్గియో రాస్మన్, టర్లింగ్స్ బృందం కనిపెట్టినదేమిటంటే, ఈ పురుగు కొరికినప్పుడు యూరప్ రకాల మొక్కజొన్న వేళ్ళు మట్టిలోకి కారియోఫిలీన్ వదులుతాయి. అది మట్టి సందుల్లోంచి పాకి, కంటికి ఆనని నులిపురుగుల్ని పిలుస్తుంది. ఆ నులిపురుగులు వేరు పురుగులోకి దూరి చంపేస్తాయి. మొక్కజొన్నకి అడవి పూర్వీకురాలైన టియోసింటెకి కూడా ఈ విద్య వచ్చు. ఉత్తర అమెరికాలో పండించే రకాల్లో చాలావాటికి మాత్రం రాదు. దిగుబడి కోసం, గింజ కోసం తరతరాలుగా ఎంపిక చేసుకుంటూ వచ్చినప్పుడు ఎవరూ వాసన చూడలేదు. అది ఎక్కడో జారిపోయింది.

2009లో ఆ జారిపోయిన మాటని తిరిగి నేర్పి చూశారు. పిజ్జా మీద చల్లుకునే ఒరెగానో మొక్క నుంచి ఒక జన్యువు తీసి మొక్కజొన్నలో పెట్టారు. మిస్సోరి పొలంలో నులిపురుగులు కలిపి పరీక్షిస్తే, ఆ మొక్కల దగ్గర బయటికి వచ్చిన పెంకుపురుగుల సంఖ్య 60 శాతం తగ్గింది.

అలాగని జన్యువు పెడితే చాలు, పని జరిగిపోతుందని అనుకోకూడదు. ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్ పరిశోధనాలయం గోధుమలో ఇలాంటి పనే చేసింది. పేనుబంక పురుగులు ప్రమాదం వచ్చినప్పుడు ఒకదానికొకటి హెచ్చరికగా వదులుకునే వాసన ఒకటి ఉంది. గోధుమే ఆ వాసన వదిలేలా మార్చారు. ప్రయోగశాలలో పేనుబంక పారిపోయింది, కందిరీగలు వచ్చాయి. కాని 2012, 2013 పంటల్లో పొలంలో వేస్తే మామూలు గోధుమకీ దీనికీ తేడా కనిపించలేదు. ఆ ఫలితాన్ని దాచకుండా 2015లో ప్రచురించారు. ఆ ఏళ్ళలో వానలూ చలీ వల్ల పురుగు తక్కువగా ఉండడం ఒక కారణం కావచ్చు. ఇంకో కారణం మన "నాన్నా పులి" కథలో ఉంది. పేనుబంక ప్రమాదం వచ్చినప్పుడే అరుస్తుంది. గోధుమ రోజంతా అరుస్తూనే ఉంది. అలా అరిస్తే ఎవరు పట్టించుకుంటారు?

తోసేది ఒకటి, లాగేది ఒకటి

జన్యువుల జోలికి పోకుండా, పక్కన ఏ మొక్క వెయ్యాలో ఆలోచించి ఈ విద్యని వాడుకున్నవాళ్ళు కెన్యాలో ఉన్నారు. నైరోబిలోని ఇసిపె అనే కీటక పరిశోధన సంస్థలో, భారతదేశంలో పుట్టిన జియావుర్ ఖాన్, రాథమ్‌స్టెడ్‌కి చెందిన జాన్ పికెట్‌తో కలిసి 1990లలో దీన్ని మొదలుపెట్టారు. విక్టోరియా సరస్సు ఒడ్డున చిన్న చిన్న కమతాల్లో మొక్కజొన్న, జొన్న పండించుకునే పేద రైతులకి కాండం తొలుచు పురుగు పెద్ద శత్రువు. ఈ పురుగుల్లో ఒకటి మన దేశంలో జొన్న మొవ్వు ఎండబెట్టే పురుగే. 1930లలో అది ఆసియా నుంచి ఆఫ్రికా చేరింది.

వాళ్ళ పద్ధతి ఇది. మొక్కజొన్న సాళ్ళ మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క వేస్తారు. పొలం చుట్టూ నేపియర్ గడ్డి వేస్తారు. చీకటి పడిన మొదటి గంటలో నేపియర్ గడ్డి వదిలే వాసన తల్లి పురుగుల్ని మొక్కజొన్న కంటే ఎక్కువగా లాగుతుంది. అవి అక్కడ గుడ్లు పెడతాయి. పిల్ల పురుగు గడ్డి కాండంలోకి తొలవబోతే బంకలాంటి రసం వచ్చి చాలావాటిని చంపేస్తుంది. డెస్మోడియం వేళ్ళు స్ట్రైగా అనే పీల్చే కలుపుని అణుస్తాయి. ఇది మన పొగాకు పొలాల్లో మల్లె అని పిలిచే కలుపుకి చుట్టం. డెస్మోడియం నేలకి నత్రజని ఇస్తుంది. గడ్డి, డెస్మోడియం రెండూ పశువులకి మేత. పురుగుమందు కొనే పని లేదు. తూర్పు ఆఫ్రికాలో లక్షకు మించిన రైతులు దీన్ని చేపట్టారు.

ఇక్కడ ఒక తాజా వివాదం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. డెస్మోడియం తన వాసనతో పురుగుని తోసేస్తుందని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాం. ఇటీవల స్వీడన్ శాస్త్రవేత్తలతో కూడిన బృందం ఒకటి, అసలు పని చేసేది వాసన కాదనీ, ఆ ఆకుల మీది కొక్కేల్లాంటి నూగు పిల్ల పురుగుల్ని పట్టి చంపుతోందనీ వాదించింది. రైతుల పొలాల్లోనే గాలి పట్టి కొలిచిన మరొక బృందం డెస్మోడియం వాసనలు విడుదల చేస్తున్న మాట నిజమేనంది. పద్ధతి పనిచేస్తోందన్నది రైతు చూస్తున్నాడు. ఎందుకు పనిచేస్తోందన్నది ఇంకా తేలాలి. శాస్త్రం నడిచే దారి అదే.

మన పొలాల సంగతి

మా ఇంట్లో పత్తి పండించిన రోజుల్లో పురుగుమందు వాసన గురించి తప్ప పైరు వాసన గురించి ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు. డబ్బా మీద బొమ్మ చూసి, దుకాణదారు చెప్పిన మందు కొట్టడమే వ్యవసాయం అనుకునేవాళ్ళం. 1980లలో కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ధారాళంగా కొట్టాక, ఆంధ్ర పత్తి పొలాల్లో తెల్లదోమ విరుచుకుపడింది. 1997లో వరంగల్ ప్రాంతంలో లద్దె పురుగు ఏ మందుకీ లొంగలేదు. అప్పుల పాలైన రైతులు ఎందరో ఆ శీతాకాలంలో ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. కరువు, నాసిరకం విత్తనం, అధిక వడ్డీ, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. కాని ఈ వ్యాసానికి సంబంధించిన కారణం ఒకటుంది. పైరు వాసన వదిలి పిలుస్తూనే ఉంటుంది. అన్ని పురుగుల్నీ చంపే మందు కొట్టిన పొలంలో ఆ పిలుపుకి రావడానికి మిత్ర పురుగు మిగలదు. మందుని తట్టుకున్న శత్రువు మాత్రం మిగులుతుంది.

పిలిస్తే పలికేవాళ్ళని బతికించుకోవడం మన రైతులకి చేతకానిదేం కాదు. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరు 2000ల మొదట్లోనే రసాయన పురుగుమందులు మానేసి పత్తి పండించి చూపించింది. పత్తిలో, మిరపలో అక్కడక్కడ బంతి, గట్ల మీద ఆముదం వెయ్యమని వ్యవసాయ శాఖ ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. బంతి శనగపచ్చ పురుగుని, ఆముదం లద్దె పురుగుని గుడ్లు పెట్టడానికి లాగుతాయి. కెన్యాలో నేపియర్ గడ్డి చేసే పనే ఇది. పొలంలో వేలాడే లింగాకర్షక బుట్టలది కూడా వాసన విద్యే. అయితే అందులో ఉండేది మొక్క వాసన కాదు, ఆడ పురుగు వాసన. 2018లో మన దేశంలోకి వచ్చి మొక్కజొన్నని పీల్చి పిప్పి చేసిన కత్తెర పురుగుకి కూడా ట్రైకోగ్రామా లాంటి గుడ్ల కందిరీగలు శత్రువులే.

ఎర పంట వేసి ఊరుకుంటే మాత్రం లాభం లేదు. దాని మీది గుడ్లనీ పురుగుల్నీ ఎప్పటికప్పుడు ఏరెయ్యాలి. లేకపోతే పురుగులకి మనమే అత్తారిల్లు కట్టి ఇచ్చినట్టు అవుతుంది.

మనం చెయ్యగలిగినది

మీ పెరటి టొమేటో మీద వేలెడంత హార్న్‌వార్మ్, దాని వీపు మీద తెల్లటి బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే, దాన్ని చంపకండి. ఆ గింజలు పురుగు గుడ్లు కావు, కందిరీగ గూళ్ళు. ఆ పురుగు ఇక ఎక్కువ తినదు, ఎక్కువ రోజులు బతకదు. దాన్ని అలాగే వదిలేస్తే కొన్ని రోజుల్లో డజన్ల కొద్దీ కందిరీగలు బయటికి వచ్చి మీ మొక్కలకి జీతంలేని కాపలాదార్లు అవుతాయి. గింజలు లేని పురుగైతే చేత్తో ఏరెయ్యండి. సోపా, మెంతి, కొత్తిమీర మొక్కల్ని కొన్నింటిని కోసెయ్యకుండా పూతకి వదలండి. చిన్న కందిరీగలకి ఆ సోపా, కొత్తిమీర పూల తేనే భోజనం.

ఊళ్ళో పొలం కౌలుకి ఇచ్చినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఫోను చేసినప్పుడు దిగుబడి ఎంతని అడుగుతాం, కౌలు ఎప్పుడిస్తారని అడుగుతాం. ఈసారి ఇంకో ప్రశ్న కలపండి: "ఈ ఏడు ఎన్నిసార్లు మందు కొట్టారు? మొదటిసారి ఎప్పుడు కొట్టారు?" పంట తొలి రోజుల్లోనే కొట్టే మందు మిత్ర పురుగుల్ని ముందుగా పోగొడుతుంది. ఆ ఒక్క మందు వాయిదా వేసినందుకు కౌలులో కొంత తగ్గిస్తాననీ, గట్ల మీద ఆముదం, బంతి విత్తనాల ఖర్చు మీదేననీ చెప్పండి. నష్టం వస్తే భరించాల్సింది అతనే కనుక, ధైర్యం చెయ్యమని దూరాన కూర్చుని సలహా చెప్పడం కంటే, ఆ ధైర్యంలో కొంత భాగం మనం పంచుకోవడం న్యాయం.